బీమిలమ్మకు వేసిన ఆకు

నా చిన్నప్పుడు ఏడాదికొకసారి మా బంధువులంతా మలేషియాలో సుంగై సిపుట్ అనే ఊళ్ళో మా ఇంటికి వచ్చేవారు. పండగకని కాదు, పంచాంగం చూసి పెట్టిన ముహూర్తమూ కాదు. ఏడాది చివర బడులకు సెలవులిచ్చాక అందరికీ వీలు కుదిరిన ఏదో ఒక ఆదివారం. ఆ రోజు పెద్దలకు పెట్టుకునేవాళ్ళం. అంటే మా వంశంలో పోయినవాళ్ళను పేరు పేరునా పిలిచి, అరటాకులు వేసి, వాళ్ళకు ఇష్టమైనవి వడ్డించి, సాంబ్రాణి పొగ వేసి దణ్ణం పెట్టుకోవడం. బతికున్నవాళ్ళకు భోజనం ఆ తర్వాతే. పొద్దుటి నుంచీ గారెల వాసన పీలుస్తూ కూర్చునే నాలాంటి పిల్లలకు పోయినవాళ్ళ మీద కొంచెం కోపం కూడా ఉండేది.

ఇల్లు మా మామ్మది. మామ్మ అంటే మా నాన్నకు అమ్మ. తాత రబ్బరు తోటలో గుమాస్తాగా పనిచేసి, తోట వదిలాక ఊరి చివర ఈ రేకుల ఇల్లు కట్టుకుని, అందులో ఎక్కువ కాలం ఉండకుండానే పోయాడు. మా అమ్మానాన్నలు, నేను, మా అన్నయ్య మామ్మతోనే ఉండేవాళ్ళం. మిగిలినవాళ్ళు తలో చోటా ఉండేవారు. మా వాళ్ళకు మనుషుల్ని ఊళ్ళ పేర్లతో పిలవడం అలవాటు. నాన్న చెల్లెలు హుటాన్ మెలింటాంగ్‌లో ఉండేది, ఆవిడ మెలింటాంగ్ అత్త. నాన్న తమ్ముడు కౌలాలంపూర్‌లో గవర్నమెంటు ఆఫీసులో పనిచేసేవాడు, ఆయన కేఎల్ బాబాయి. మా మామ్మ అందరికీ సిపుట్ మామ్మ. ఇరుగుపొరుగు తమిళులు కూడా ఆవిణ్ణి అలాగే పిలిచేవారు. ఎవరికీ ఇందులో వింతేమీ కనపడేది కాదు.

ఆకులు వేసేటప్పుడు ఒక వరస ఉండేది. మొట్టమొదటి ఆకు బీమిలమ్మది. మా తాతకు నాయనమ్మ. ఓడెక్కి ఈ దేశం వచ్చిన మొదటి మనిషి ఆవిడేనని చెప్పుకునేవాళ్ళం. తాత ఆకు పక్కన నల్లటి బీరు సీసా ఉండేది. చిన్నప్పుడే పోయిన ఒక చిన్నత్త ఆకులో బిస్కట్లు ఉండేవి. బీమిలమ్మకు ఏమిష్టమో తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు కనక ఆవిడ ఆకులో అన్నీ కొంచెం కొంచెం పడేవి. పక్కన ఒక చుట్ట పెట్టేవాళ్ళం. మా వైపు ఆడవాళ్ళు ఆ కాలంలో నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేవారట, ఆవిడా పీల్చే ఉంటుందని మామ్మ ఊహ. మంచి చుట్ట సుంగై సిపుట్‌లో దొరికేది కాదు. మలాయి దుకాణంలో అమ్మే ఆకుచుట్ట తెచ్చి సరిపెట్టేవాళ్ళం.

ఆ చుట్ట పెట్టే పని నాది. ఎందుకంటే ఇంట్లో నా పేరు బీమిలి. బడిలో వేరే పేరుంది, అది బడికే. నేను పుట్టగానే మామ్మ నన్ను చేతుల్లోకి తీసుకుని ఆ పేరు పెట్టిందని చెప్పేవారు. మా అన్నయ్యకు సైకిలుంది, బాబాయి కొడుక్కి చేతి గడియారముంది. నాకు బీమిలమ్మ ఉంది. సముద్రం దాటి వచ్చిన మనిషి పేరు నాకు పెట్టారని లోలోపల నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ ఆకు ముందు నిలబడినప్పుడు మెడ కొంచెం నిక్కేది కూడా.

నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్నప్పటి సంగతి. ఆ ఏడు కేఎల్ బాబాయి ఇండియా వెళ్ళొచ్చాడు. మా కుటుంబంలో అక్కడికి తిరిగి వెళ్ళి చూసిన మొదటివాడు ఆయనే. పెనాంగ్ నుంచి ఓడలో మద్రాసు, అక్కణ్ణించి రైల్లో విశాఖపట్నం. వచ్చినప్పటి నుంచీ ఆయన నడకలోనే ఒక తేడా కనపడింది. బాబాయి చెడ్డవాడు కాడు. తనకు తెలిసింది చెప్పకుండా ఉండలేని మనిషి, అంతే. అలాంటివాడు ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు. మా కుటుంబంలో ఇప్పుడు ఆ పీట నాది.

ఆకులన్నీ వేశారు. వడ్డన అయింది. నాన్న పెద్దకొడుకు కనక పిలవడం ఆయన పని. నిప్పుల మీద సాంబ్రాణి వేసి, గొంతు సవరించుకుని, "బీమిలమ్మా, రా తల్లీ" అని మొదలుపెట్టాడు. నేను చుట్ట పట్టుకుని ముందుకు వంగాను.

"అన్నయ్యా, ఆగు," అన్నాడు బాబాయి, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర మలాయి 'లా' తగిలిస్తూ. "ఈ సంగతి ముందే సెప్పాల. బీమిలమ్మని మనిషి ఎవుల్లూ నేరు లా. బీమిలి ఊరు పేరు. ఇశాపట్నం పక్కన, సముద్రం ఒడ్డునుంది. బస్సెక్కి ఎల్లినాను, నా కళ్ళతో సూసినాను. మనం ఇన్నేళ్ళూ ఊరికి కూడెడతన్నాం!"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మెలింటాంగ్ అత్త భర్త పగలబడి నవ్వాడు. ఆయన వెనక అందరూ నవ్వారు. ఇందులో నవ్వు రావడం సహజమేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఒక ఊరిని ఆకు ముందు కూర్చోబెట్టి గారెలు తినమనడం, దానికి చుట్ట కూడా పెట్టడం. బాబాయి కొడుకు ఇంట్లో ఎక్కువగా తమిళమే మాట్లాడేవాడు. వాడు చెయ్యి చాచి బస్సు కండక్టరులాగా, "బీమిలి ఇరంగు! బీమిలి ఇరంగు!" అని అరిచాడు. బీమిలి దిగేవాళ్ళు దిగండి అని. పిల్లలంతా అందుకున్నారు.

మా నాన్నకు తమ్ముడి చదువంటే గౌరవం. గౌరవం అనడం మర్యాద కోసం, నిజానికి భయం. తనకు తెలియని విషయం తమ్ముడు నలుగురిలో చెప్పాడు కనక వాదించలేదు. ఒక క్షణం ఆలోచించి, మొదటి ఆకును ఉన్నదున్నట్టు మడిచి గోడవారన పెట్టాడు. రెండో ఆకు మొదటిదయింది. ఆకు ఉండాల్సిన చోట నేల తడిగా కనపడుతోంది, నా చేతిలో చుట్ట అలాగే ఉంది.

ఆ రోజు నాకు కలిగింది అవమానం అనుకుంటారు. అది ఉంది, కాదనను. కానీ దానికన్నా ఎక్కువ భయం వేసింది. అలాంటి మనిషే లేకపోతే నేను ఎవరి పేరు మోస్తున్నట్టు? అన్నయ్యది తాత పేరు, తాత ఫోటో గోడ మీద ఉంది. నాది ఏదో బస్సు ఆగే చోటు. వచ్చే ఏడు నుంచి ఈ ఆకు ఉండదు, ఆ పేరు పిలవరు, మెల్లగా నన్ను కూడా బడి పేరుతోనే పిలుస్తారు. పిల్లలకు ఇలాంటి లెక్కలు చాలా తొందరగా తడతాయి. నేను ఏడవలేదు. ఏడుపు వచ్చేలా ఉందని మాత్రం అందరికీ తెలిసిపోయింది.

మామ్మ వంటింట్లో బూరెలు వేస్తోంది. ఆవిడకు అన్నీ వినపడ్డాయి. పొయ్యి మీది మూకుడు దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ అరుస్తుందేమోనని నాన్న తల దించుకున్నాడు. ఆవిడ పెద్దవాళ్ళ వైపు చూడనే లేదు. మడిచిన ఆకును చూసింది, నా చేతిలో చుట్టను చూసింది, తర్వాత గుమ్మంలో చతికిలబడి పిల్లలందర్నీ దగ్గరకు పిలిచింది.

"ఒరే గుంటల్లారా, నానెవుల్నిరా?"

"సిపుట్ మామ్మ!" అన్నారు అందరూ.

"నాను సచ్చిపోనాక నాకూ ఆకేస్తారేటి?"

వేస్తామన్నాం.

"ఏటని పిలుస్తారు?"

"సిపుట్ మామ్మా, రా అని పిలుస్తాం," అన్నాడు బాబాయి కొడుకు.

"మరి సిపుట్ అంటే ఏటి?"

మలాయి బడిలో చదివే పిల్లలకు అది చెప్పడం ఎంతసేపు? "నత్త!" అని ఒక్కసారే అరిచారు. అరిచాక ఒకళ్ళిద్దరికి ఏదో తట్టి ఆగిపోయారు.

"అదీ సంగతి," అంది మామ్మ. "మీకు మనవలు పుడతారు. ఆళ్ళల్లో సదువుకున్నోడొకడు బయల్దేరి, ఓలమ్మో, మనోళ్ళు ఇన్నేళ్ళూ నత్తకి కూడెట్టినారు అంటాడు. అందరూ నవ్వుతారు. నా ఆకు కూడా మడిసి గోడకాడ ఎట్టెస్తారు." అప్పుడు తలెత్తి బాబాయిని చూసింది. "అంతే కదేటి సిన్నోడా?"

బాబాయి మొహం ఎర్రబడింది. అయినా ఊరుకోలేదు. "అలగ కాదమ్మా. నీ పేరు కార్డులో ఉన్నాది గదా. అమ్మాయి అని."

ఆ మాటకు మామ్మ నిజంగానే నవ్వింది. ఈ దేశంలో అందరికీ గుర్తింపు కార్డులు రాసిన రోజుల్లో ఆవిడ అత్తగారు పక్కనే ఉందట. రాసే మనిషి మామ్మను చూపించి ఈవిడెవరని అడిగాడట. "మా అత్త, ఇది మా అమ్మాయి అంది. ఆడు అదే రాసేసినాడు. నాను నోరిప్పితే అత్త ఊరుకుంటాదేటి? అది పేరు కాదురా నాయనా. అది మీ ముసిల్ది నన్ను సూపించిన మాట."

నాన్న, బాబాయి, అత్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురూ ఆవిడ కడుపున పుట్టినవాళ్ళు. ముగ్గురి కాగితాల్లోనూ తల్లి పేరు దగ్గర అమ్మాయి అనే ఉంటుంది. ఆ పేరు చెప్పి బడుల్లో చేరారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళకు ఇంకో పేరు తెలియదు.

మామ్మ గొంతు తగ్గించింది. ఇప్పుడు పెద్దవాళ్ళతో మాట్లాడుతోంది. "బీమిలి ఊరని నాకు తెలీదేటి? ఆ ఊరి కాడ ఓడెక్కిన మనిషి ఆవిడ. ఓడలో అందరూ బీమిలమ్మ అన్నారు, తోటలోనూ అదే నిలిసిపోనాది. అసలు పేరేటని మా అత్తని అడిగినాను. శానాసార్లు అడిగినాను. అత్తగారి పేరు కోడలు పలకకూడదని మా అత్త సెప్పనేదు. ఆవిడితో పాటు ఆ పేరూ పోనాది. ఇప్పుడు మనకి మిగిలింది ఊరొక్కటే. అదీ ఎత్తేస్తే ఆ మనిషిని ఏ పేరెట్టి పిలుస్తారు?"

గౌరవం వల్ల ఒక మనిషి పేరు లేకుండా పోవడం అప్పుడు నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. ఆ పేరును ఎవరో దాచిపెట్టలేదు, ఎవరో దొంగిలించలేదు. మర్యాద తెలిసిన కోడలొకావిడ నోరు మూసుకుంది, అంతే. మా వాళ్ళల్లో మంచి కోడళ్ళు చాలామంది ఉండేవారు.

ముందుగా కదిలింది బాబాయే. ఆయన పెరట్లోకి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా మీద అరటి పసరు పడుతున్నా చూసుకోకుండా ఒక కొత్త ఆకు కోసుకొచ్చాడు. కడిగి, తుడిచి, మొదటి చోట తనే వేశాడు. వడ్డన మళ్ళీ జరిగింది. చుట్ట నలిగిపోయింది, నా చెయ్యి అంత గట్టిగా పట్టుకుంది దాన్ని. మామ్మ నా వైపు చూసి, "ఒలే బీమిలీ, ఎట్టవే, ఆవిడికి నలిగినా పర్వానేదు," అంది. నాన్న మళ్ళీ సాంబ్రాణి వేసి పిలిచాడు. ఈసారి బాబాయి కూడా గొంతు కలిపాడు. ఆ క్షణం నాకు ఎంత సంతోషం వేసిందో ఇన్నేళ్ళ తర్వాత కూడా చెప్పగలను. ఆకలి గుర్తు లేనంత.

సాయంత్రం బస్సులకు వెళ్ళేవాళ్ళు బస్సులకు, మోటారు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు వాటి మీద వెళ్ళిపోయారు. వెనక కొళాయి దగ్గర మామ్మ గిన్నెలు తోముతుంటే నేను కడుగుతున్నాను. మధ్యాహ్నం అంత మాట జరిగింది కదా, తర్వాత భోజనాలు, నవ్వులు, కేఎల్‌లో కట్టబోయే ఇంటి గురించి కబుర్లు. ఒక్కరు కూడా ఆవిణ్ణి ఒక ప్రశ్న అడగలేదు. అడగాలని నాకు తోచింది. తెలివి వల్ల కాదు. నాకు పేరు పెట్టిన మనిషికి పేరు లేకపోవడం ఏమిటని అనిపించింది.

"మామ్మా, నీ పేరేటి?"

ఆవిడ చేతిలో కొబ్బరిపీచు ఆగింది. "ఇప్పుడెందుకే?" అంది. గిన్నెలోని బూడిదనే చూస్తూ కూర్చుంది. మరిచిపోయిందేమోనని భయం వేసింది నాకు. తర్వాత చెప్పింది. మెల్లగా, ఎవరో తెలిసినావిడ పేరు చెబుతున్నట్టు. "పెళ్ళై ఈ ఇంటికి ఒచ్చినాక ఎవుల్లూ పిలవనేదు," అంది. "మా అమ్మ పోనాక అసల్నేదు."

కొబ్బరిపీచు పక్కన పెట్టి, "ఏదీ, నువ్వను," అంది.

మామ్మను పేరు పెట్టి పిలవడమా? మా ఇంట్లో అలాంటి పని చేస్తే వీపు చిట్లేది. తల తిప్పి అమ్మ దగ్గర్లో లేదని చూసుకుని, నోటికి వచ్చినంత మెల్లగా ఆ పేరు పలికాను.

"ఓయ్," అంది మామ్మ.

అది మామ్మ గొంతు కాదు. మా బడిలో పక్క బెంచీ పిల్ల పలికినట్టు పలికింది. నేను నవ్వాను, ఆవిడా నవ్వింది. మళ్ళీ పిలవమంది, పిలిచాను, మళ్ళీ ఓయ్ అంది. చివరికి గిన్నెలు కడగడానికి అమ్మే రావలసి వచ్చింది.

ఆవిడ పోయే నాటికి నాకు పెళ్ళీడు వచ్చింది. కర్మ చేయించే పెద్దమనిషి పోయినావిడ పేరు అడిగాడు. నాన్న కార్డు చూడకుండానే అమ్మాయి అన్నాడు. ఆడపిల్లలు అక్కడికి వెళ్ళకూడదన్నారు, నేను వెళ్ళాను. వంగి నాన్న చెవిలో చెప్పాను. ఆయన నా మొహంలోకి చూశాడు. నిజమా అని అడగలేదు. ఆ పేరు పైకి ఒకసారి చెప్పాడు, రెండోసారి చెప్పాడు. మూడోసారి సగంలోనే ఆగాడు. తల్లి పోయినందుకు అప్పటిదాకా ఏడవని మనిషి, ఆవిడ పేరు నోట పట్టుకుని ఏడ్చాడు. బాబాయి ఆయన భుజం మీద చెయ్యి వేసి మిగతా పిలుపు తాను పూర్తి చేశాడు.

ఇప్పుడు మా వాళ్ళు కౌలాలంపూర్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని కలుస్తున్నారు. వంట కేటరింగు వాళ్ళది. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనో మలాయిలోనో వస్తుంది. ఆకులు వెయ్యడం మాత్రం మానలేదు, మొదటి ఆకు బీమిలమ్మదే. మొన్నటిసారి మా అన్నయ్య మనవరాలు ఫోనులో బీమిలి సముద్రం బొమ్మ తీసి, "మామ్మా, నువ్వు బీచ్ లా!" అంది. అవునన్నాను. ఆ బీచ్‌లో ఓడెక్కిన ఒకావిడ ఉందని, ఆవిడ పేరు మేము పోగొట్టుకున్నామని చెప్పాను. "పోగొట్టుకోవడం అంటే ఏటి?" అని అడిగింది. చెప్పడానికి కొంచెం కష్టపడ్డాను.

నాకు ఆ రోజు నుంచి ఒక అలవాటు మిగిలింది, దాన్ని చాలామంది దురుసుతనం అనుకుంటారు. ఎవరైనా ఒకావిణ్ణి ఫలానా వారి కోడలనో, ఫలానా ఊరి అత్తయ్య అనో పరిచయం చేస్తే, సరే, మీ పేరేమిటని అడుగుతాను. చెప్పాక వాళ్ళమ్మ పేరు అడుగుతాను. కొందరు సిగ్గుపడతారు, కొందరు తడుముకుంటారు. నేను ఆగుతాను, నాకు తొందరేమీ లేదు.

ఇదంతా రాసి మొదటి నుంచీ చదువుకుంటే, నేను కూడా అలవాటు కొద్దీ మామ్మ, మామ్మ అనే రాసుకుంటూ వచ్చానని తెలిసింది. ఆవిడ పేరు పైడితల్లి.